చెంచా గడియ వేసిన గేటు

మా ఆఫీసులో మనుషులకు పేర్లు లేకపోలేదు, వాటితో పనే ఉండదు. ఇల్లిల్లూ తిరిగి నీటి మీటర్లు చదివేవాళ్ళను లైను నంబరుతో పిలుస్తాం. ఏడు సెలవు పెట్టాడు, ఇరవై రెండును కుక్క కరిచింది, తొమ్మిది కూతురికి సంబంధం కుదిరింది, ఇలా మాట్లాడుకుంటాం. నేను చెప్పబోయే మనిషి పద్నాలుగు.

నాకూ ఒక పేరు పెట్టారు. నా ఎదుట ఉన్న తెర మీద రెండే మీటలుంటాయి. ఒకదాని మీద ‘సరి’ అని, ఇంకోదాని మీద ‘కాదు’ అని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ రెండిట్లో ఏదో ఒకటి నొక్కడమే నా ఉద్యోగం. కింది అంతస్తువాళ్ళు నన్ను ‘సరికాదమ్మ’ అంటారు. ఆ సంగతి నాకు తెలియదని వాళ్ళ నమ్మకం. తెలుసు. తెలిసిన రోజు కోపం కూడా వచ్చింది.

పని చెప్పడానికి చాలా తేలిక. ప్రతి ఇంటి గేటు పక్కనా ఒక చిన్న గుంట, దాని మీద ఇనపమూత, లోపల మీటరు. మీటరు చదివే మనిషి మూత ఎత్తాలి, అద్దం మీద బురద గుడ్డతో తుడవాలి, ఆఫీసువాళ్ళు ఇచ్చిన ఫోనుతో ఫోటో తీసి, అంకెలు కొట్టి పంపాలి. ఆ ఫోటో మూడో అంతస్తులో నా ముందుకొస్తుంది. ఫోటోలో అంకెలూ ఆ మనిషి కొట్టిన అంకెలూ ఒకటైతే సరి. మసగ్గా ఉన్నా తేడాగా ఉన్నా కాదు. నేను కాదంటే ఆ మనిషి మర్నాడు మళ్ళీ ఆ ఇంటికి పోవాలి.

రోజుకు ఆరువందల మీటర్లు. అన్నీ ఒకేలా గుండ్రంగా, ఒకేలా తడిగా ఉంటాయి. సాయంత్రం ఇంటికి వెళితే రెండు గదులు. అమ్మ పోయాక వాటిలో ఒకదాని తలుపు తీయడం మానేశాను. నా పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు ఎత్తీ ఎత్తీ వాళ్ళే ముసలివాళ్ళయ్యారు. ఇదంతా జాలి కోసం చెప్పడం లేదు. పద్నాలుగు పంపిన ఫోటోలు నాకు ఎంతటివయ్యాయో అర్థం కావాలంటే ఈ ముక్క చెప్పక తప్పదు.

ఆరేళ్ళ కిందట, పద్నాలుగో లైను నుంచి మొదటి ఫోటో చూసినప్పుడు నాకు చిర్రెత్తుకొచ్చింది. మీటరు ఎడమపక్క మూలకి నక్కి ఉంది. మిగతా ఫోటో అంతా ఒక నీలం ప్లాస్టిక్ బకెట్. పైనుంచి కిందిదాకా చీలితే, ఎవరో ఆ చీలికకు రెండు పక్కలా చిల్లులు పెట్టి రాగితీగతో కుట్టారు. గోనెసంచి మూతి కుట్టినట్టు పెద్ద పెద్ద కుట్లు. కాదు అని నొక్కాను. కారణం దగ్గర ‘అనవసర వస్తువులు’ అని రాశాను.

మర్నాడు అదే ఇల్లు, అదే మీటరు, అదే బకెట్. ఈసారి ఇంకాస్త దగ్గరగా. మళ్ళీ కాదన్నాను. మూడో రోజు బకెట్ మరీ దగ్గరకొచ్చి, కుట్లు లెక్కపెట్టేటంత స్పష్టంగా పడింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి ఎవరో తగిలాడనుకుని పళ్ళు కొరికాను. మూడోసారీ కాదన్నాను. నాలుగో రోజు మళ్ళీ బకెట్ వచ్చింది. అంకెలు మాత్రం ముత్యాల్లా కనపడుతున్నాయి. విసుగెత్తి సరి అని నొక్కాను. నొక్కేముందు కుట్లు లెక్కపెట్టాను. పదకొండు.

ఆ తర్వాత ఆయన ఫోటోలను నేను ఆపలేదు. వాటి తీరే అంత. మీటరుతో పాటు ఎవరో బాగుచేసుకున్న వస్తువు ఏదో ఒకటి పడేది. ఏడుచోట్ల సైకిలు ట్యూబు ముక్కలు చుట్టిన తోట గొట్టం. కర్ర కాలు పెట్టిన ప్లాస్టిక్ కుర్చీ. నడుముకు తీగె బిగించిన పూలకుండీ. సీసా మూత చక్రంగా పెట్టిన బొమ్మకారు. ఒక ఇంటి గేటుకు గడియ ఊడిపోతే, ఆ కొక్కేల్లో అన్నం తినే చెంచా దూర్చారు. ఆ చెంచాను చూసిన రోజు నాలో నేనే నవ్వుకున్నాను. బాగున్న వస్తువు ఒక్కటి కూడా ఆయన తీయలేదు. మనుషుల్నీ తీయలేదు. అప్పుడప్పుడూ ఇనపమూత అంచు పట్టుకున్న ఆయన బొటనవేలు మాత్రం పడేది. వెడల్పాటి గోరు, మధ్యలో నిలువునా చీలిక.

రెండు నెలలకొకసారి అదే ఇల్లు మళ్ళీ వస్తుంది. అందుకని ఆ వస్తువులతో నాకు రాకపోకలు ఏర్పడ్డాయి. బకెట్ కుట్లు పదకొండు నుంచి పదమూడయ్యాయి, తర్వాత పదహారు. ఒకసారి ఫోటోలో బకెట్టే లేదు. ఆ చోటికి కొత్తది వచ్చిందేమో, ఆయన దాన్ని తీయలేదు, అవతల గోడకు ఆనించిన చీపురుకట్ట తీశాడు. దాని పిడికి పాత చొక్కా చేయి చుట్టి ఉంది. నీలం బకెట్ పోయిందని అలా తెలిసింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానేయండి.

పద్నాలుగో లైను ఫోటోలు మధ్యాహ్నం మూడింటికి మొదలవుతాయి. ఆ వేళకు మిగతావన్నీ ముగించి, కళ్ళద్దాలు తుడుచుకుని సిద్ధంగా ఉండేదాన్ని. నా రోజు మొత్తం మీద నాకంటూ ఉన్నది ఆ గంటే. ఇంకో మాట కూడా చెప్పేస్తాను. ఆయన అవి నా కోసమే పంపుతున్నాడని అనుకునేదాన్ని. మూడు రోజులు కాదన్నదాన్ని నాలుగో రోజు సరి అన్నాను కదా, దాంతో మా మధ్య ఒక ఒప్పందం కుదిరిందనుకున్నాను. నలభై ఎనిమిదేళ్ళ ఆడదానికి ఇదేం బుద్ధి అంటారా, అనండి.

ఆయన గురించి నాకు తెలిసిందంతా కింద రిజిస్టరు గుమాస్తా చెప్పిందే. ఆ గుమాస్తా నోట్లో నువ్వుగింజ నానదు. పద్నాలుగు వాళ్ళ అక్క ఇంట్లో, వెనక గదిలో ఉంటాడట. పెళ్ళయిన రెండో ఏడు భార్య పుట్టింటికి వెళ్ళి మళ్ళీ రాలేదట.

“గొడవలా?” అన్నాను.

“గొడవపడే మనిషైతే ఉండిపోయేదేమోనండీ. ఈయన గోడలో గోడలా ఉంటాడు. ఆవిడ ఎన్నాళ్ళని గోడతో మాట్లాడుతుంది?”

మేనకోడలి పుట్టినరోజుకు ఇంట్లోవాళ్ళు ఆయన చేతికి కెమెరా ఇచ్చారట. తర్వాత చూసుకుంటే ఇరవై ఫోటోల్లో పంతొమ్మిది, తాడుతో కట్టిన కుర్చీ కాలువి. ఇరవయ్యోది ఆ తాడు ముడి. పిల్ల మొహం ఎక్కడా లేదు. ఆనాటి నుంచీ ఆయన హాల్లోకి వస్తే చాలు, “బావమరిదిగారు వచ్చారు, విరిగినవేమైనా ఉంటే తీసి బయట పెట్టండి” అంటాడట వాళ్ళ బావ. ఇల్లంతా గొల్లుమంటారట.

“పుర్రెకో బుద్ధి” అన్నాడు గుమాస్తా. నేను అవునన్నట్టు తలాడించాను.

ఈ వైభవం ఆరేళ్ళు సాగింది. ఒక మధ్యాహ్నం సూపరింటెండెంటు నా కుర్చీ వెనక వచ్చి నిలబడ్డాడు. తెర మీద ఒక హవాయి చెప్పు ఉంది. పట్టీ ఊడిపోతే పిన్నీసు గుచ్చారు, పిన్నీసు గీరుకోకుండా దాని మీద గుడ్డపేలిక చుట్టారు. మీటరు ఎక్కడో వెనకాల ఉంది.

“ఏమిటమ్మా ఇది? మనది నీటి శాఖా, చెప్పుల శాఖా?”

ఆయన సెక్షనంతా పిలిచాడు. చెప్పును తెర నిండా పెద్దది చేయించాడు. ఒకరు ఆ మనిషికి చెప్పులు కొనిపెడదామన్నారు, ఇంకొకరు మతి చలించి ఉంటుందన్నారు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. నలుగురితో నారాయణ అని ఊరుకున్నా బాగుండేది, నా గొంతే అందరికన్నా పెద్దగా వినపడింది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు చచ్చినట్టవుతుంది.

“ఇకనుంచి ఇలాంటివి తిప్పికొట్టండి. మీటరు తప్ప పూచికపుల్ల కూడా కనపడటానికి వీల్లేదు” అని సూపరింటెండెంటు వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నేను చేయగలిగినవి రెండు. ఆయన పంపిన ప్రతిదాన్నీ కాదంటూ పోతే, ఆ మొండిమనిషి లైను మొత్తం రెండోసారీ మూడోసారీ నడుస్తాడు. కాళ్ళరిగేదాకా నడుస్తాడు తప్ప మానడు. కాదనకపోతే నా కుర్చీకే ఎసరు. ఆ రెండూ కాక, మీటరు ఒక్కటే తీయమని ఆయనకు చెప్పవచ్చు. ఆయన వింటే నా మూడింటి వేళ పోతుంది. కిందికి దిగడం కన్నా పైనే కూర్చుని ఏడవడం సుఖమనిపించింది కానీ, ఆ నవ్వు నన్ను కూర్చోనివ్వలేదు. అయిదింటికి మెట్లు దిగాను.

మీటర్లవాళ్ళు అయిదింటికి కింది హాల్లో ఫోన్లు అప్పజెప్పి రిజిస్టరులో సంతకాలు పెడతారు. ఆయన ఎలా ఉంటాడో నాకు తెలియదు. వరసలో ఉన్నవాళ్ళ చేతులు చూస్తూ నడిచాను. చీలిన గోరు అయిదో మనిషి చేతికి కనపడింది. పొట్టి మనిషి, జేబులో మడత పెట్టిన గుడ్డ, మోకాళ్ళ దాకా తడిసిన ప్యాంటు. సన్నగా ఈల వేసుకుంటున్నాడు.

“మీరు పద్నాలుగా?”

ఈల ఆగిపోయింది. “అవును మేడం. ఏమైనా తప్పు పడిందా?”

మెట్ల కింద బెంచీ మీద కూర్చున్నాం. అంకెల్లో తప్పేమీ లేదని, ఫోటోలు దగ్గరగా తీయాలని పైనుంచి మాట వచ్చిందని చెప్పాను. “సూపరింటెండెంటు గారు చూశారు. అందరూ... నవ్వారు.”

“నవ్వారా? నవ్వనీండి మేడం. మా బావ పదేళ్ళుగా నవ్వుతున్నాడు. ఆయనకే పళ్ళూడిపోయాయి, నాకేం కాలేదు.”

“తిప్పికొడితే మళ్ళీ నడవాలి కదండీ.”

“నడుస్తా. జీతం ఇచ్చేది నడవటానికేగా.”

ఆ మాటలో విరుపు లేదు, పంతం కూడా లేదు. అది నాకు కొత్తగా అనిపించింది. నేనైతే ఎవరైనా ఒక మాటంటే వారం రోజులు నెమరేస్తాను. ఆయన వస్తువుల మీద నాకొక సిద్ధాంతం ఉండేది, దాన్ని బయటపెట్టాను. “మీ నాన్నగారు చిల్లుపడ్డ గిన్నెలకు మాట్లు వేసేవారా?”

“మా నాన్నా?” పెద్దగా నవ్వాడు. “మా నాన్న ఏదైనా విరిగితే వీధిలోకి విసిరేసేవాడు మేడం. ఒకసారి కోపంలో నన్నూ విసిరాడు.”

ఆయన నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు.

“మరి ఎందుకు తీస్తారు అవి?”

కాసేపు గోరు గీరుకున్నాడు. “బాగున్నవి చూస్తే నాకేం అనిపించదండీ. కొన్నారు, పెట్టారు, అంతే. ఇలా కట్టినవి చూస్తే, ఎవరో పని మానుకుని కూర్చుని కట్టుంటారు కదా అనిపిస్తుంది. చూడబుద్ధేస్తుంది. మీటరొక్కటే తీస్తే పాపం దిక్కులేనిదానిలా ఉంటుంది. పక్కన ఏదో ఒకటి ఉండనీ అని.” అక్కడితో ఆగి, నా వైపు తిరిగి అడిగాడు: “ఇంతకీ అవి మనుషులు చూస్తారా మేడం? మిషను చూస్తుందనుకున్నానే.”

“మొదట్లో మూడు రోజులు కాదని వచ్చింది కదా మీకు, బకెట్‌కు?”

“ఆ, గుర్తుంది. మిషనుకు బకెట్ సరిగా ఆనలేదేమోనని ఇంకొంచెం దగ్గరికి పోయి తీశా. నాలుగో రోజుకు ఆనింది.”

ఆరేళ్ళు. నేను ఒప్పందమనుకున్నది ఆయన లెక్కలో ఒక మొద్దు మిషనుకు కళ్ళు కనపడటం. అప్పుడే లేచి వెళ్ళిపోవలసింది. చెప్పవలసిన కబురు చెప్పాను, నా బాధ్యత తీరింది. కానీ నోరు జారింది.

“మిషను కాదు, నేను చూస్తాను. ఆరేళ్ళ నుంచి చూస్తున్నాను. నాకు చాలా ఇష్టం అవి. మధ్యాహ్నం ఎప్పుడు మూడవుతుందా అని కూర్చుంటాను.”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “రోజూనా?”

“రోజూ.”

“అన్నీనా?” జేబులో గుడ్డ తీసి మడత విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు. “అయ్యో. సరిగ్గా తీశానో లేదో. వెలుతురు ఉండదండీ కొన్నిచోట్ల.” నవ్వినవాళ్ళ మాటకు చలించని మనిషి, నచ్చిందన్న మాటకు అలా కంగారుపడ్డాడు.

మర్నాడు మూడింటికి మీటరు ఒక్కటే వచ్చింది. శుభ్రంగా తుడిచి, నట్టనడుమ పెట్టి తీసిన మీటరు. ఆ మర్నాడూ అంతే. పైవాళ్ళ మాట విన్నాడు కాబోలు, నేను చెప్పిందే కదా అని సర్దిచెప్పుకున్నాను. మూడో రోజు మీటరు అద్దం పక్కన ఒక గులాబీ పువ్వు ఉంది.

పడి ఉన్న పువ్వు కాదు. తెచ్చి, కాడ సరిచేసి, నీళ్ళు చిలకరించి పెట్టిన పువ్వు. తర్వాత రోజు పిల్లికూన. ఆ తర్వాత చేతులు కట్టుకుని పళ్ళికిలించిన పిల్లవాడు. మీటరు గుంట చుట్టూ పేర్చిన తెల్లరాళ్ళు. కొత్తగా రంగు వేసిన గేట్లు. ఇంటికి చుట్టమొస్తే రోజూ తాగే గ్లాసు దాచేసి అద్దాల బీరువాలోది తీసినట్టుగా, ఆయన నా కోసం మంచివి ఏరుతున్నాడు. ఆరేళ్ళు ఏది నా కోసమనుకుని మురిసిపోయానో, అది నిజంగా నా కోసమైన రోజున చూడలేకపోయాను. సరి, సరి, సరి అని నొక్కుతూ పోయాను.

చెంచా గేటు ఇంటి వంతు వచ్చింది. పొద్దున్నుంచీ దాని మీదే ఆశ పెట్టుకున్నాను. మీటరు, దాని మీద మూడు ఎర్రపూలు. చెంచా అక్కడే, చేయి చాపినంత దూరంలో ఉండాలి. ఫోటోలో లేదు.

సూపరింటెండెంటుకు మాత్రం ఈ ఫోటోలు తెగ నచ్చాయి. “ఇదీ ఫోటో అంటే! పూచికపుల్ల వద్దన్నాను గానీ పువ్వు వద్దన్నానా? మనవాళ్ళలో ఇంత కళాహృదయం ఉన్నవాడున్నాడని ఎవరికి తెలుసు” అని, గులాబీ ఫోటోను పెద్దగా వేయించి కింది హాల్లో నోటీసుబోర్డు పక్కన తగిలించాడు. చెప్పును చూసి నవ్వినవాళ్ళే గులాబీ ముందు నిలబడి ముక్కున వేలేసుకున్నారు. గుమాస్తా చెప్పిన మాట, ఆ ఫోటో ఇప్పుడు పద్నాలుగు వాళ్ళ అక్క ఇంట్లోనూ గోడకెక్కిందట. బావ చుట్టాలను పిలిచి చూపిస్తున్నాడట. రాత్రి భోజనం కూడా హాల్లో అందరితోనేనట.

“మంచిదే కదా” అన్నాను.

“మంచిదేనండీ. కాకపోతే మనిషి ఆరు దాటాక వస్తున్నాడు. పూలున్న ఇల్లు దొరికేదాకా సందులన్నీ తిరుగుతాడట. మునుపు ఈల వినపడితే పద్నాలుగు వచ్చాడని తలెత్తకుండానే రిజిస్టరు తిప్పేవాణ్ణి. ఇప్పుడు ఎప్పుడొచ్చాడో కూడా తెలియదు.”

ఆ మాటతో నాకు సంగతి అర్థమైంది. ఆ మనిషికి ఉన్నది ఒక్క సరదా. ఊరు నవ్వినా, ఇల్లు నవ్వినా, పెళ్ళాం విడిచిపోయినా అది చెక్కుచెదరలేదు. దానికి దెబ్బ తగిలింది నా ఒక్క మాటతో. నచ్చిందని చెప్పి చెడగొట్టాను. మళ్ళీ మునుపటిలా తీయమని అడగవచ్చు. అడిగితే తీస్తాడు కూడా, అప్పుడవి నేనడిగిన బకెట్లవుతాయి. మూడు రోజులు ఆలోచించాను. నాలుగో రోజు ఆరింటిదాకా కూర్చుని కిందికి దిగాను.

ఆయన నోటీసుబోర్డు ముందు నిలబడి తన గులాబీని చూస్తున్నాడు. నన్ను చూడగానే మొహం విప్పారింది.

“రండి చెల్లెమ్మా. చూశారా? మీకు నచ్చిందా?”

చెల్లెమ్మా అన్నాడు. నన్నలా పిలిచిన మనిషి ఇంతకుముందు లేడు.

“బాగుందండీ” అన్నాను. “ఆ మూల ఇంటి గేటుకు చెంచా ఉండేది కదా. ఉందా ఇంకా?”

“ఏ చెంచా?” కాసేపు వెతుక్కున్నాడు. “ఓ, అదా! చూళ్ళేదు చెల్లెమ్మా. ఆ వేళ పూల కోసం పక్కిల్లు బతిమాలుతున్నా. ఇప్పుడు తలెత్తి చూసే తీరికెక్కడ? పొద్దున లేస్తే ఇవాళ ఏం దొరుకుతుందో, మీకు నచ్చుతుందో లేదో అని ఒకటే దిగులు.” అది దిగులని తెలియకుండానే, నవ్వుతూనే చెప్పాడు.

“మీకో మాట చెబుదామని వచ్చాను” అన్నాను. “నా సెక్షన్ మారిపోయింది. రేపటి నుంచి ఫోటోలు నా దగ్గరికి రావు.”

“అయ్యో! మరెవరు చూస్తారు?”

“ఎవరూ చూడరు. నిజంగానే మిషను పెట్టేశారు. అంకెలు చదువుకుని పక్కన పడేస్తుంది.”

“సూపరింటెండెంటు గారు?”

“ఆయనకు కావలసింది గోడకెక్కింది కదా. ఇంకెందుకు చూస్తారు?”

ఆయన గులాబీ వైపు చూశాడు, తర్వాత నేల వైపు. “అయితే ఎవరూ చూడరన్నమాట.”

“ఎవరూ.”

ముందు ఆయన మొహం చిన్నబోయింది. అది చూసి మనసు మార్చుకోబోయాను కూడా. అంతలో ఆయన భుజాలు కిందికి దిగాయి, బరువైన సంచీ దింపుకున్న మనిషివి దిగినట్టు. గుడ్డ తీసి మెడ తుడుచుకున్నాడు.

“మీరెక్కడుంటారిక?”

“వెనక బిల్డింగులో. ఇటు రావడం పడదు.”

“సరే చెల్లెమ్మా. జాగ్రత్త.”

అమ్మ పోయాక నాకు ఎవరూ జాగ్రత్త చెప్పలేదు. మెట్లెక్కుతూ ఆ మాట పట్టుకునే పైదాకా వెళ్ళాను.

ఆ వారమంతా వట్టి మీటర్లే వచ్చాయి. పూలు లేవు, బకెట్లూ లేవు. రెంటికీ చెడ్డ రేవడినయ్యానని, ఆయనను కూడా చేశానని కుమిలిపోయాను. రెండో వారం మంగళవారం, మూడూ పది అయింది. మీటరు కుడిపక్క మూలకి జరిగి ఉంది. మిగతా ఫోటోలో ఒక నల్లగొడుగు. విరిగిన ఊచకు పెన్సిలు ముక్క ఆనించి దారంతో కట్టారు. పెన్సిలు చివర రబ్బరు కూడా ఉంది. మొహానికి చేతులు అడ్డం పెట్టుకున్నాను. పక్కసీటామె తలనొప్పా అని అడిగింది. అవునన్నాను.

అప్పటి నుంచి ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. సూపరింటెండెంటు ఒకసారి మెమో ఇచ్చాడు, అంకెలు స్పష్టంగా ఉన్నాయని జవాబు రాశాను. మొన్న చెంచా గేటు వంతు వచ్చింది. చెంచా లేదు. విరిగిందో, ఇంట్లోవాళ్ళకు తినడానికి అవసరమైందో తెలియదు. ఆ కొక్కేల్లో ఇప్పుడు ఫోర్కు ఉంది. నాలుగు ముళ్ళూ బయటికి చూస్తూ, దొంగల్ని పొడుస్తానన్నట్టు ఉంది. ఆపుకోలేక పైకే నవ్వాను.

“ఏంటి?” అంది పక్కసీటామె.

చెప్పాలంటే చెంచా దగ్గర నుంచి మొదలుపెట్టాలి. అది అర్థమయ్యే మనిషి ఒక్కరే ఉన్నారు, ఆయనకు చెప్పకూడదు. “ఏం లేదు” అని, మూలనున్న అంకెలు కళ్ళద్దాలు పైకెత్తి చదివి, సరి అని నొక్కాను.

గుమాస్తాకు కూడా వెనక బిల్డింగనే చెప్పాను. ఆయనకు తెలిస్తే లోకానికి తెలిసినట్టే కాబట్టి ఆ కబుర్లూ మానుకున్నాను. రాకపోకలు వెనక మెట్ల మీదుగానే. కానీ ఆ మెట్లూ చివరికి అదే ఆవరణలోకి దిగుతాయి. అందుకని అయిదింటికి అందరూ వెళ్ళిపోయినా నేను కుర్చీలోనే ఉంటాను. కాసేపటికి కింద నుంచి ఈల వినపడుతుంది. అది ఆవరణ దాటి, గేటు దాటి, వీధి మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు సంచీ తీసుకుని కిందికి దిగుతాను.